సెర్న్ వేసవి విద్యార్థి కార్యక్రమం: అర్హతలు, ప్రయోజనాలు, గడువులు

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దున జెనీవా నగర సమీపంలో గల ఐరోపా అణు పరిశోధన సంస్థ (సెర్న్) ప్రతి ఏటా వేసవిలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర శిక్షణ కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది. ఇది రుసుము చెల్లించి చేరే కోర్సు కాదు. ఎంపికైన విద్యార్థికి సంస్థయే భృతి చెల్లిస్తుంది. అయితే దరఖాస్తుల గడువు సాధారణంగా జనవరి మాసాంతంతో ముగుస్తుంది గనుక, వేసవి సమీపించిన పిదప విచారించే విద్యార్థి ఆ ఏడాది అవకాశాన్ని కోల్పోతాడు. పాత్రికేయులు, విద్యాశాఖ అధికారుల అవగాహన నిమిత్తం ప్రధాన వివరాలను దిగువ పొందుపరచడమైనది.

నేపథ్యం

సెర్న్ 1954లో ఏర్పడింది. అప్పటి డైరెక్టర్ జనరల్ విక్టర్ వైస్‌కాఫ్ చొరవతో 1962లో వేసవి విద్యార్థి కార్యక్రమం ప్రారంభమైంది. సంస్థకు చెందిన 27 కిలోమీటర్ల భూగర్భ వలయం, లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 2008లో తొలిసారి ప్రోటాన్ పుంజాలు ప్రయాణించాయి. హిగ్స్ బోసాన్ లక్షణాలకు సరిపోలే కణాన్ని కనుగొన్నట్లు 2012 జూలై 4న సెర్న్ ప్రకటించింది.

భారతదేశానికి 2002లో పరిశీలక హోదా, 2017 జనవరి 16న అసోసియేట్ సభ్యత్వం లభించాయి. కొలైడర్ నిర్మాణంలో మన దేశ సంస్థలు పాలుపంచుకొన్నాయి. అందులోని అతివాహక అయస్కాంతాలు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేస్తాయి. ఏదేని ఒక చోట అతివాహకత నశించినచో అక్కడే వేడి కేంద్రీకృతమై అయస్కాంతం దెబ్బతినే ప్రమాదం కలదు. ఆ వేడిని అయస్కాంతమంతటా వ్యాపింపజేసే రక్షణ వ్యవస్థకు అవసరమైన విద్యుత్ సరఫరా యూనిట్లు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.లో తయారయ్యాయి.

అర్హతలు

భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ శాస్త్రం, ఇంజనీరింగ్ విభాగాలలో డిగ్రీ లేదా పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో చదువుతూ, వేసవి నాటికి కనీసం మూడేళ్ల విశ్వవిద్యాలయ విద్య పూర్తి చేసుకొన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చును. బి.టెక్. మూడవ సంవత్సరం, ఎమ్మెస్సీ విద్యార్థులకు ఇది అనువైనది. ఆంగ్ల పరిజ్ఞానం అవసరం. పిహెచ్.డి. పరిశోధకులకు, గతంలో ఈ కార్యక్రమంలో పాల్గొన్నవారికి అవకాశం లేదు.

శిక్షణ విధానం

శిక్షణ కాలం 8 నుంచి 13 వారాలు. విద్యార్థులు కణ భౌతికశాస్త్రం, త్వరణయంత్రాలు, డిటెక్టర్లు, కంప్యూటింగ్ అంశాలపై ఉపన్యాసాలకు హాజరవుతారు. మిగిలిన సమయంలో ఒక పరిశోధక బృందంలో సభ్యులుగా తమకు అప్పగించిన పనిని నిర్వర్తించి, చివర నివేదిక సమర్పిస్తారు. ప్రయోగశాలల సందర్శన కూడా ఇందులో భాగం. భృతితో పాటు ప్రయాణ భత్యం, ఆరోగ్య బీమా లభిస్తాయి.

కళాశాలలు గమనించవలసిన అంశాలు

మన రాష్ట్రాలలో వేసవి సెలవులు ఏప్రిల్, మే మాసాలలో రాగా, ఐరోపాలో వేసవి జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటుంది. అనగా శిక్షణ కాలంలో కొంత భాగం మన కళాశాలలు పునఃప్రారంభమైన తరువాత వస్తుంది. హాజరు, అంతర్గత పరీక్షల విషయమై ముందస్తు అనుమతి లేనిదే ఎంపికైన విద్యార్థి సైతం వెనుకంజ వేయవలసి వస్తుంది. కావున ప్రిన్సిపాళ్లు ఈ అంశాన్ని దరఖాస్తు దశలోనే పరిశీలించడం సముచితం.

దరఖాస్తుకు మార్కుల పత్రాలు, విద్యార్హతల వివరాలు, అధ్యాపకుల సిఫారసు లేఖ అవసరమవుతాయి. విద్యార్థి ఏ ప్రాజెక్టు చేశాడు, ఏ పరికరంపై లేదా ఏ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేశాడు అన్న వివరాలు లేఖలో ఉండాలి. సత్ప్రవర్తన ధ్రువీకరణ తరహాలో రాసిన లేఖ అభ్యర్థికి తోడ్పడదు. మార్కుల పత్రాలను సకాలంలో జారీ చేయడం, పాస్‌పోర్టు కోసం ముందుగానే దరఖాస్తు చేయించడం, నవంబరు మాసంలోనే అర్హులైన విద్యార్థులకు సమాచారం అందజేయడం కళాశాలల స్థాయిలో జరగవలసిన పనులు. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న కళాశాలలలో ఈ సమాచారం ఒక్క నెల ఆలస్యమైనా విద్యార్థి ఒక ఏడాది నష్టపోతాడు.

దరఖాస్తుకు రుసుము లేదు. దళారులు ఎవరైనా డబ్బు కోరినచో విద్యార్థులు, తల్లిదండ్రులు నమ్మరాదు. ప్రతి ఏటి కచ్చితమైన తేదీలను, నిబంధనలను సెర్న్ అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకొని ప్రచురించవలసినదిగా పాత్రికేయులకు విజ్ఞప్తి.