మిస్టర్ బీన్ దాచుకోని కారు

2011 ఆగస్టు 4, సాయంత్రం. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జ్‌షైర్. హాడన్ అనే ఊరి దగ్గర ఏ605 రోడ్డు తడిగా ఉంది. ముదురు మెరూన్ రంగు కారొకటి ఉన్నట్టుండి పట్టు తప్పింది. గిర్రున తిరిగి రోడ్డు దిగి చెట్టును గుద్దుకుంది. ముందూ వెనకా నుజ్జునుజ్జయింది. డ్రైవరు మాత్రం భుజం గాయంతో బతికి బయటపడ్డాడు.

ఆయన రోవన్ అట్కిన్‌సన్. మన ఇళ్లలో పిల్లలకి మిస్టర్ బీన్. టీవీలో నల్ల బానెట్ ఉన్న ఆకుపచ్చ మినీలో తిరిగే ఆ మనిషి సొంత కారు మెక్‌లారెన్ ఎఫ్1.

గార్డన్ మర్రే గీసిన ఆ కారులో డ్రైవరు సీటు నట్టనడుమ ఉంటుంది. వెనక కుడిఎడమల్లో మరో ఇద్దరు కూర్చోవచ్చు. 6.1 లీటర్ల బీఎండబ్ల్యూ వీ12 ఇంజను వేడిని తిప్పికొట్టడానికి దాని చుట్టూ అసలు బంగారు రేకు పరిచారు. 1998లో ఈ మోడల్ గంటకు 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. రేసు కార్లతో కలిపినా మొత్తం తయారైనవి 106.

అట్కిన్‌సన్ దీన్ని 1997లో కొన్నాడు. న్యూకాజిల్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాడు, లారీ నడిపే లైసెన్సు కూడా ఉన్నవాడు. యంత్రమంటే ప్రాణం. ఇంత అరుదైన బండిని చాలామంది షెడ్డులో గుడ్డ కప్పి ఉంచుతారు, ధర పెరిగేదాకా. ఆయన రోడ్డు మీదికి తెచ్చాడు. 1999లో లాంకషైర్‌లో ఒక ఆస్టిన్ మెట్రోను వెనకనుంచి గుద్దాడు. బాగుచేయించి మళ్లీ తోలాడు.

హాడన్ ప్రమాదం అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. మామూలు కారైతే పాతసామాన్ల కొట్టుకే. ఇక్కడ లెక్క వేరు. ఎఫ్1 కొత్తగా ఇక తయారు కాదు, ఉన్నవాటి ధర ఏటేటా పెరుగుతోంది. అందుకే రిపేరే మేలని తేలింది. కార్బన్ ఫైబర్ ఒళ్లు మళ్లీ అతికి నిలబడాలి, అదీ తయారైన నాటి కొలతలకి. ఏడాదికి పైగా పట్టింది. బిల్లు సుమారు 9,10,000 పౌండ్లు. కారు కొన్న ధరకన్నా ఎక్కువ! ఒక కారు మరమ్మతుకి బ్రిటన్‌లో అంతవరకు ఏ బీమా సంస్థా అంత చెల్లించలేదని పత్రికలు రాశాయి.

కారు తిరిగొచ్చింది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టాడు. ఈ కథలో నన్ను కదిలించింది ఇదే. అంత దెబ్బ తిన్నాక కూడా ఆయన దాన్ని అద్దాల గదిలో పెట్టలేదు. నడవడానికి పుట్టిన బండిని నడవనిచ్చాడు. యజమాని అంటే అలా ఉండాలి.

2015లో అమ్మకానికి పెట్టాడు. అడిగిన ధర 80 లక్షల పౌండ్లు. రెండు ప్రమాదాలు, రికార్డు రిపేరు, పద్దెనిమిదేళ్ల వాడకం, ఏదీ ఆ ధరను తగ్గించలేదు. అప్పటికి మీటరు మీద 41,000 మైళ్లు ఉన్నాయి.