చెయ్యి వెయ్యని రోజులు

మన వైపు నుంచి ఢిల్లీ వచ్చేవాళ్లకి అశోకా రోడ్ అంటే ఆంధ్రా భవన్, అక్కడి భోజనం. అదే రోడ్డు మీద కొంచెం ముందుకెళ్తే విండ్సర్ ప్లేస్ గోల్‌చక్కర్ వస్తుంది. నేనిక్కడికి వచ్చిన కొత్తలో, 1988 చలికాలంలో, ఒక కుర్రాడు అక్కడ స్కూటర్ మీంచి పడిపోయాడు. తల కింద రక్తం. చుట్టూ ఇరవై మందిమి మూగాం. "చెయ్యి వెయ్యకండి, పోలీసు కేసు" అన్నాడొకడు హిందీలో. ఎవరమూ వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

మా ఊళ్లో అయితే మంచం మీద వేసుకునైనా పరిగెత్తేవాళ్లం. ఇక్కడి మనుషులకి జాలి లేదనుకున్నాను. అది జాలి లేకపోవడం కాదు, భయం. ఆ రోజుల్లోనే కారు గుద్దిన ఒక స్కూటరిస్టుని ఎవరో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు చూసే అధికారం తమకు లేదని అక్కడివాళ్లు ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో ఆ వార్త చదివి పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముందు ప్రాణం నిలబెట్టాలి, కేసు కాగితాలు తర్వాత, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అంతేనని 1989 ఆగస్టు 28న కోర్టు తేల్చింది.

తొంభైల్లో ఢిల్లీ రోడ్ల మీద క్యాట్స్ అనే అంబులెన్సులు తిరిగాయి. ఇప్పుడు వాటి నంబరు 102. కానీ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 మీ నోళ్లలో నానినట్టు ఇది ఇక్కడ నానలేదు. మీకది బండి పేరే అయిపోయింది. ఆ అదృష్టం చిన్నది కాదు.

సాయం చేసేవాడి భయం తీరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన పిటిషన్ మీద 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, దెబ్బతిన్నవాణ్ని తెచ్చిన మనిషిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రిలో ఆపకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టంలోకే 134ఎ సెక్షన్‌గా ఆ రక్షణ వచ్చింది.

పోయినేడు అదే గోల్‌చక్కర్ దగ్గర ఇంకో బైకు పడింది. ఆటోలో వేసుకుపోదామన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. వద్దన్నాను. మెడ ఎముక విరిగి ఉంటే, ఆటోలో ముడుచుకుపడిన మనిషికి కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. ఒకమ్మాయి చున్నీ మడిచి తొడ మీది గాయాన్ని గట్టిగా అదిమిపట్టింది. నేను నేల మీద కూర్చుని తల కదలకుండా పట్టుకున్నాను. అంబులెన్సు వచ్చి, మెడకి పట్టీ బిగించి, స్ట్రెచర్ మీదికి చేర్చేదాకా ఆ తల నా రెండు చేతుల మధ్యే ఉంది.