గంట ఎవరిది, పొద్దు ఎవరిది? - మన పిల్లల బడి వేళలు, సెలవుల చరిత్ర

ఆగస్టు 9 వచ్చిందంటే మన సంఘం తరఫున జెండా ఎగరేస్తాం, కొమురం భీం పటానికి దండ వేస్తాం, డోలు కొడతాం, ఆడపిల్లలు ఆడతారు, పెద్దలు మాట్లాడతారు. ఐక్యరాజ్యసమితి 1994లో ఈ తేదీని ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించింది. ఈసారి సంచిక కోసం ఏం రాద్దామని పాతబస్తీలో మేం కొద్దిమందిమి కూర్చున్నప్పుడు మాలో ఉపాధ్యాయులైన ఒకరు ఒక మాట లేవనెత్తారు. "మన పిల్లలు చదువులో వెనకబడుతున్నారు కాబట్టి బడి ఇంకో గంట పెంచాలి, లేదంటే వేసవి సెలవులు తగ్గించాలి అంటున్నారు. మనమేమంటాం?" అని అడిగారు. ఆ రాత్రి వాదన తెగలేదు. తెగకపోవడానికి కారణం చరిత్రలో ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం.

మొదట మేమున్న చోటు నుంచే చూద్దాం. చార్మినార్ కట్టింది 1591లో. దానికి నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. అంటే దాదాపు 300 ఏళ్లపాటు ఈ నగరం నమాజు పిలుపుతో, గుడి గంటతో, ఎండ నీడతో పొద్దు లెక్కపెట్టుకుంది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో దారుల్ ఉలూమ్ వంటి కొత్త పాఠశాలలు వచ్చాక గడియారపు గంట పిల్లల జీవితంలోకి ప్రవేశించింది. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ హైస్కూలు భవనం 1921లో లేచింది. 1929లో అదే సిటీ కాలేజీ అయింది.

అయితే గడియారం వచ్చినా క్యాలెండరు మాత్రం ఇక్కడిదిగానే ఉండేది. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. ఆదివారం సెలవు 1948 పోలీసు చర్య తర్వాతి మాట. సర్కారు కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం. ఫసల్ అంటే పంట. అక్బరు కాలంలో శిస్తు వసూలు పంటతో కలిసి రావాలని పుట్టిన లెక్క అది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. మన భూముల రక్షణకు తెచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ కూడా 1356 ఫసలీ నాటిది, అంటే 1946-47. పహాణీ కాగితం తీసి చూస్తే ఫసలీ అనే మాట ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. శిస్తు వసూలు చేయడానికి సర్కారుకు పంట కాలం గుర్తుంది. పిల్లవాడికి చదువు చెప్పేటప్పుడు మాత్రం ఆ పంట కాలం గుర్తుకు రాలేదు.

గుర్తుకు తెచ్చిన ప్రయత్నం ఒకటి జరిగింది. 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి ఏర్పడింది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని మన పెద్దలతో కలిసి బతికారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. గూడెం యువకులే పంతుళ్లయ్యారు.

ఆ బడి గొప్పతనం పుస్తకాల్లో మాత్రమే లేదు. పంతులు గూడెం మనిషి. అకాడి ఎప్పుడో, పొలాల అమావాస్య ఎప్పుడో, దండారి ఎప్పుడు కదులుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. జాతరకు తనూ వెళ్లాలి, పిల్లలూ వెళ్లాలి. అలాంటి పంతులు ఉన్న చోట బడికీ పండుగకూ తగువు తక్కువ.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగింది. ఆదిలాబాద్ గూడేల్లో మరాఠీ పోయి తెలుగు బోధనా భాష అయింది. గోండి వాచకాలు మూలన పడ్డాయి. మైదానం నుంచి పంతుళ్లు వచ్చారు, వారితో పాటు మైదానం సెలవుల పట్టిక కూడా వచ్చింది. హైదరాబాదులో తయారైన ఒకే కాగితం చార్మినార్ పక్క బడికీ, ఉట్నూరు కొండ మీది బడికీ చెల్లుబాటైంది.

ఇది తప్పని పెద్దలు అప్పుడే చెప్పారు. యు.ఎన్. ధేబర్ అధ్యక్షతన ఏర్పడిన షెడ్యూల్డు ప్రాంతాల కమిషన్ 1961లో నివేదిక ఇచ్చింది. గిరిజన ప్రాంతాల్లో సెలవులు వ్యవసాయ పనులకూ అడవి పనులకూ పండుగలకూ సరిపోయేలా ఉండాలని అది సూచించింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ మాత్రం ప్రధానంగా చదువుకునే రోజుల సంఖ్య చూసింది. బడులు ఏడాదికి 39 వారాలు, అంటే 234 రోజులు నడవాలని చెప్పింది. ఒక కమిషన్ 'ఏ రోజులు' అని అడిగితే, ఇంకొకటి 'ఎన్ని రోజులు' అని అడిగింది. ఆ తర్వాత ఆఫీసుల్లో రెండో ప్రశ్నే మిగిలింది, ఎందుకంటే లెక్కపెట్టడం తేలిక.

2009 విద్యాహక్కు చట్టం కూడా లెక్క చెప్పింది. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు. 6 నుంచి 8 తరగతులకు 220 దినాలు, 1000 గంటలు. భాగించి చూస్తే చిన్న పిల్లలకు రోజుకు 4 గంటలు, పెద్ద పిల్లలకు నాలుగున్నర గంటలు. చట్టం అడిగే కనీసం ఇంతే. ఇక మన పిల్లలు ఎక్కువమంది చదివేది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో. అక్కడ తెల్లవారుజామున లేపే గంటతో పొద్దు మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది. రాష్ట్రంలో అందరికంటే పొడవైన బడి పొద్దు ఇప్పటికే మన పిల్లలది. దానికి ఇంకో గంట కలిపితే చదువు ఎక్కడి నుంచి పెరుగుతుంది?

ఇప్పుడు మన ఏడాదిని బడి ఏడాది పక్కన పెట్టి చూద్దాం. జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. పాతబస్తీ వాళ్లకు ఆ మాట వింటే దూద్‌బౌలి చేప మందు గుర్తుకొస్తుంది. గూడెం వాళ్లకు విత్తనం గుర్తుకొస్తుంది. సరిగ్గా ఆ వారంలోనే, జూన్ 12న బడి తెరుస్తారు. శ్రావణంలో మన లంబాడి తండాల్లో తీజ్. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పోసి 9 రోజులు నీళ్లు పెట్టి పెంచాలి. ఆ 9 రోజులూ బడి రోజులే. దసరాకు బతుకమ్మతో కలిపి దాదాపు రెండు వారాల సెలవులిస్తారు. అవి ముగిసి బడి తెరిచాక గోండు గూడేల్లో దండారి కదులుతుంది, గుస్సాడీలు నెమలి పింఛాల టోపీలు కడతారు, దీపావళి దాకా ఆట సాగుతుంది. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం. కలెక్టరు ఒక రోజు స్థానిక సెలవు ఇస్తే ఇచ్చినట్టు.

మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. రాత్రి రాలిన పువ్వును తెల్లవారగానే ఏరాలి, ఎండెక్కితే పశువులు తింటాయి, పువ్వు వాడుతుంది. ఎండ నుంచి పిల్లలను కాపాడాలని మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు పెడతారు. మంచి ఉద్దేశమే. కానీ ఆ బడి ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. అమ్మ చెట్టు కింద ఉన్న వేళకే పిల్లవాడు హాజరు పట్టీలో ఉండాలి. ఉండకపోతే పిల్లవాడికి చదువు మీద శ్రద్ధ లేదని రాస్తారు. మాలో ఒకరికి చిన్నప్పుడు అదే జరిగింది. దండారికి వెళ్లి 10 రోజులకు తిరిగొస్తే పేరు కొట్టేసి ఉంది. తండ్రి చేతులు జోడించి నిలబడితే మళ్లీ రాశారు. ఆ నిలబడటం ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

అయితే మనవైపు మాటలే చెప్పి ఊరుకుంటే అది నిజం కాదు. సెలవులు తగ్గించాలనే వారి మాటలోనూ బరువుంది. వేసవి సెలవుల్లోనే మన ఆడపిల్లలకు సంబంధాలు చూస్తారు. జూన్‌లో బడి తెరిచేసరికి తొమ్మిదో తరగతి పిల్ల మెడలో పుస్తె ఉంటుంది. కూలికి వలస వెళ్లిన ఇంటి పిల్లవాడు తిరిగి రాడు. ఇంకొకటి అన్నం. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. సెలవుల్లో అది ఉండదు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పిల్లలకు భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే, సెలవు పేద పిల్లకు ఏమవుతుందో అర్థం చేసుకోవచ్చు. కాబట్టి సెలవులన్నీ సంస్కృతి అనీ, బడి అంతా అణచివేత అనీ మేం అనం. హాస్టల్ అన్నం తినే మేం ఈ స్థాయికి వచ్చాం.

వేసవి సెలవు ఏదో ప్రకృతి ధర్మమన్నట్టు మాట్లాడటం మాత్రం సరికాదు. అమెరికాలో వేసవి సెలవులు రైతుల కోసం వచ్చాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడి పల్లె బడులు విత్తే వసంతంలో, కోసే శరదృతువులో మూసి, ఎండాకాలం, చలికాలం నడిచేవి. పొడవైన వేసవి సెలవు పట్నాల నుంచి వచ్చింది. మన దేశంలోనే కశ్మీరులో పెద్ద సెలవులు చలికాలంలో. హిమాచల్‌లో వేసవిలో మూసే బడులు వేరు, శీతాకాలంలో మూసే బడులు వేరు. ఒకే రాష్ట్రంలో రెండు పట్టికలు నడుస్తున్నాయి, ఎవరి చదువూ ఆగలేదు.

అంత దూరమెందుకు, మేమున్న పాతబస్తీ చూడండి. రంజాన్ నెలలో ఉర్దూ మాధ్యమం బడుల వేళలు మారతాయి. ఉదయం 8కి మొదలై మధ్యాహ్నం ఒకటిన్నరకు ముగుస్తాయి. ఉపవాసం ఉన్న టీచరమ్మ ఇంటికి వెళ్లి ఇఫ్తార్ సిద్ధం చేసుకుంటుంది, పిల్లలు నమాజుకు వెళ్తారు. ఇది న్యాయం. మేం ఆ గల్లీల్లో బతుకుతూ దీన్ని చూసి సంతోషిస్తాం. జనం జీవితం చూసి గంట మార్చగల చేయి సర్కారుకు ఉందని ఇది రుజువు చేస్తోంది. ఆ చేయి ఉట్నూరు దాకా, దేవరకొండ తండాల దాకా ఎందుకు చాచకూడదన్నదే మా ప్రశ్న. నగరానికి వచ్చిన మన లంబాడి కుటుంబాలు తీజ్ నిమజ్జనాన్ని ఆదివారానికి జరుపుకుంటున్నాయి. పండుగ బడికోసం జరిగింది. బడి మన పండుగ కోసం ఒక్కరోజైనా జరగలేదు.

చట్టం అడ్డం లేదు. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ విద్యా క్యాలెండరు నిర్ణయించే బాధ్యతను స్థానిక సంస్థకు ఇచ్చింది. వాడుకలో ఆ పని రాజధానిలోనే జరుగుతోంది.

కాబట్టి ఆ రాత్రి తెగని వాదనకు మా జవాబు ఇది. గంటలు పెంచొద్దు, మొత్తం రోజులు తగ్గించొద్దు, రోజులను జరపండి. గోండు గూడేల్లో దసరా సెలవుల్లో సగం దండారికి మార్చండి. తీజ్ చివరి రెండు రోజులు తండా బడులకు సెలవిచ్చి వేసవిలో రెండు రోజులు ఎక్కువ నడపండి. ఇప్పపువ్వు కాలంలో ఏ వేళ మంచిదో గూడెం తల్లులనే అడగండి. అక్కడ ఎండ సంగతి కూడా ఉంది, తేలికైన జవాబు మాకూ తెలియదు. వేసవిలో ఆడపిల్లలు ఇష్టపడితే ఉండేలా హాస్టల్ తలుపు, వంటగది పొయ్యి తెరిచి ఉంచండి. అన్నిటికంటే ముందు, గూడెం భాష తెలిసిన పంతులును పంపండి. మార్లవాయి చెప్పిన పాఠం అదే.

ఒక పని మన చేతిలోనూ ఉంది. ఈ సంచిక చదివే ప్రతి ఊరి శాఖ తమ పండుగల తేదీలు, విత్తే, కోసే, ఏరే వారాలు ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. అకాడి నుంచి ఇప్పపువ్వు దాకా మన ఏడాది మొత్తం ఒక పట్టికగా కూర్చి, వచ్చే విద్యా సంవత్సరం సెలవుల జాబితా తయారయ్యేలోపు అధికారుల బల్ల మీద పెడదాం. మన పెద్దలకు ఫసలీ లెక్క ఎవరూ నేర్పలేదు, పంటే నేర్పింది. దాన్ని రాసి ఇవ్వడం చదువుకున్న మన వంతు.

జై ఆదివాసీ. జై సేవాలాల్.