తీగ ఖరీదు

పట్టణపు వీధిలో దీపము వెలిగించుట తేలిక. ఒకే తీగ వంద ఇండ్లకు సరిపోవును. మారుమూల పల్లెకు మైళ్ళ పొడవున స్తంభములు నాటవలెను. తీరా చివర నున్నవి ఇరవై గడపలు. విద్యుత్తును పుట్టించుట కన్న దానిని చేరవేయుటే అక్కడ భారము. ఆ తీగ ఖరీదు ఎవరు భరింపవలెను? గ్రామ విద్యుదీకరణ చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినది.

1935 నాటికి అమెరికాలో సైతము పదింట తొమ్మిది వ్యవసాయ క్షేత్రములలో కిరసనాయిలు దీపములే వెలుగుచుండెను. లాభము లేదని కంపెనీలు అటువైపు చూడలేదు. ఆ ఏడు మే నెలలో అధ్యక్షుడు రూజ్వెల్టు గ్రామ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పినాడు; మరుసటి సంవత్సరము శాసనము వచ్చినది. రైతులే సహకార సంఘములు కట్టి, ప్రభుత్వము వద్ద అప్పు తెచ్చి, లైన్లు వేసికొన్నారు. స్తంభముల నడుమ ఎడము పెంచి, తేలిక తీగలు వాడి, మైలుకు 1,500 డాలర్లకు పైబడిన ఖర్చును వెయ్యి లోపునకు దించినారు.

ఈ పద్ధతియే మన దేశమునకు వచ్చినది. 1969 జూలైలో గ్రామ విద్యుదీకరణ కార్పొరేషను ఏర్పడినది. దాని చేయూతతో ప్రయోగాత్మకముగా వెలసిన అయిదు సహకార సంఘములలో ఒకటి నాటి కరీంనగరం జిల్లా సిరిసిల్లలోనిది. 1970లో పని ప్రారంభించినది.

సిరిసిల్ల ప్రాంతము వానను నమ్ముకొన్న మెట్టసీమ. బావినీరే దిక్కు. మోట తోలుటకు ఎద్దుల జత కావలెను, మనిషి కావలెను, పొద్దంతయు కావలెను. తడిసెడిది మాత్రము కొద్దిపాటి చెలక. ఆయిలు ఇంజను పెట్టినవానికి డీజిలు ఖర్చు తోడగును. కావుననే ఇక్కడి రైతు మొదట కోరినది దీపము కాదు, మోటారు. అమెరికా పల్లెకు సింగిల్ ఫేజ్ తీగతో చాలవరకు గడచినది; మన బావి మోటారుకు త్రీ ఫేజ్ కావలెను. అనగా బరువైన తీగ, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు. అరువు తెచ్చుకొన్న పొదుపు పూర్తిగా మనకు అక్కరకు రాలేదన్నమాట.

లెక్కలలో నొక విచిత్రము కలదు. 1997 వరకు గ్రామపు రెవెన్యూ సరిహద్దులో ఒక్క మోటారు తిరిగినను ఆ ఊరు విద్యుదీకరింపబడినట్లే! ఊరంతయు బుడ్డిదీపములతో నున్నను కాగితముపై వెలుగే. 2004లో గాని కనీసము పదింట ఒక ఇంటికి కరెంటు ఉండవలెనన్న నిబంధన రాలేదు.

పిదప ధర మాట. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలమున మోటారుకు అశ్వశక్తికి ఏడాదికి 50 రూపాయల చొప్పున నిర్ణయించినారు. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటించినది. రైతుకు ఊరట కలిగినమాట నిజము. కాని మీటరు లేనిచోట నీటికిని లెక్క లేదు; బావులు ఎండినవి, బోర్లు లోతుకు దిగినవి. మోట ఖర్చు పోయినచోట బోరు అప్పు వచ్చి కూర్చున్నది.

సిరిసిల్ల మరమగ్గములకును కరెంటే ప్రాణము. వాటికి రాయితీ ఇచ్చినారు. అయినను ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో అక్కడి నేతకార్మికులు పలువురు ఆత్మహత్యల పాలైనారు. మగ్గము ఆడినది, గుడ్డకు ధర రాలేదు. ఆ లోటును ఏ తీగయు తీర్చజాలదు.

నాటి అయిదింటిలో మహారాష్ట్రలోని ముళా–ప్రవరా సంఘము 2011లో పంపిణీ బాధ్యత కోల్పోయినది. సిరిసిల్ల సంఘము నేటికిని నడచుచున్నది. దాని పాలకవర్గమును వినియోగదారులే ఓటు వేసి ఎన్నుకొందురు.