లోగో వెనక పేరు

తెలుగు దినపత్రిక ఏదైనా తీసి చివరి పేజీ అడుగున చూడండి. ప్రచురణకర్త ఎవరు, ముద్రించేది ఎక్కడ, సంపాదకుడు ఎవరు అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1867 నాటి చట్టం తెచ్చిన అలవాటు అది. టీవీ తెర మీద ఆ చిన్న అక్షరాలు లేవు, లోగో ఒక్కటే ఉంటుంది. అందుకే మన టీవీ చరిత్రని లోగోలతోనే చెప్పుకుంటాం: 1995లో ఈటీవీ, 2004లో టీవీ9, 2008లో ఎస్వీబీసీ.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. తీర్పు చెప్పిన ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. మరి ఆ ఆస్తిని వాడుకుంటున్నది ఎవరు? దీనికి జవాబు కంపెనీ పేర్లలో ఉంది. భక్తి టీవీకీ, ఎన్టీవీకీ వెనక ఉన్నది ఒకటే కంపెనీ, రచనా టెలివిజన్. 2015లో వంటల కోసం వచ్చిన ఈటీవీ అభిరుచి వెనక ఉన్నది, 1969లో ‘అన్నదాత’ పత్రిక మొదలుపెట్టి, తర్వాత ప్రియ పచ్చళ్ళు కూడా అమ్మిన రామోజీరావు గ్రూపే. ఈటీవీ తెలుగు ఛానెళ్ళలో 24.5 శాతం వాటా 2014లో టీవీ18 కొనుక్కుంది. ఇదేదీ తెర మీద కనిపించదు.

కోవిడ్‌కి ముందు ఏడాది మార్టూరు నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. “ఒరేయ్, రైతులకని ఛానెల్ పెడతారంట. వాటా తీసుకోమంటన్నారు. ఎవరో ఏందో కాస్త చూడరా.”

చూశాను. కంపెనీల శాఖ సైట్‌లో ప్రతి కంపెనీకీ 21 అక్షరాల నంబర్ ఉంటుంది. మాలాంటివాళ్ళకి అది చదవడం సరదా: లిస్టయిందా లేదా, ఏ వ్యాపారం, ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం, ప్రైవేటా పబ్లిక్కా, అన్నీ అందులోనే. వంద రూపాయలు కడితే బ్యాలెన్స్ షీట్ కూడా తీసి చూడొచ్చు. వార్తలు కాని మొదటి ఛానెల్‌కి అప్పటి నిబంధనల ప్రకారం 5 కోట్ల నికర విలువ చూపించాలి. ఈ కంపెనీకి అందులో వందో వంతు కూడా లేదు. కేంద్ర సమాచార శాఖ అనుమతిచ్చిన ఛానెళ్ళ జాబితాలో పేరూ లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది ప్రైవేట్ లిమిటెడ్. అలాంటి కంపెనీ ఊరూరా తిరిగి జనాన్ని వాటాలు కొనమని అడగడానికే వీల్లేదు. సభ్యులు 200 మందికి మించకూడదు కూడా.

బాబాయ్‌కి ఇదంతా చెప్తే, “అయితే మిరపకే పెడతాలే” అన్నాడు.

మనం సీరియళ్ళని విమర్శిస్తాం, యాంకర్ల తెలుగుని వెక్కిరిస్తాం. అవీ అవసరమే. కానీ పుస్తకం కొన్నప్పుడు ప్రచురణకర్త ఎవరో పేజీ తిప్పి చూసే పాఠకులం మనం. ఛానెల్ విషయంలోనూ ఆ పేజీ ఉంది. వేరేచోట ఉంది, అంతే.