బండి తిన్నగా నడవాలంటే



బీదర్ నుంచి జహీరాబాద్ వైపో, హుమ్నాబాద్ వైపో పోయే పాత పికప్ బండిలో ఎప్పుడైనా డ్రైవరు పక్కన కూర్చుంటే ఆయన చేతులు గమనించండి. రోడ్డు తిన్నగానే ఉంటుంది, చేతులు మాత్రం ఊరుకోవు. ఎడమకు కొంచెం, కుడికి కొంచెం తిప్పుతూనే ఉంటాడు. కిందికి చూస్తే కంపెనీ ఇచ్చిన వాటికంటే పెద్ద టైర్లు. వెనక కందుల బస్తాలో, కూలికి పోయే మనుషులో ఉంటారు. ఎదురుగా లారీ వచ్చినప్పుడు జానెడు ఊగులాట చాలు, ప్రాణాల మీదికి రావడానికి.

ఈ జబ్బు అర్థం కావాలంటే చక్రం కథ కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

మన ఎద్దుబండికి ఈ బాధ లేదు. రెండే చక్రాలు, ఒకటే ఇరుసు. ఎడ్లు ఎటు తిరిగితే బండి అటు. నాలుగు చక్రాల రథం సంగతి వేరు. జాతరలో చూస్తూనే ఉంటారు గదా, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, ఒరిపించి, ఒరిపించి మలుపు తిప్పుతారు. యూరపులో గుర్రపు బండ్లకు ముందు ఇరుసు మొత్తం నడిమి సీల మీద తిరిగేది. మలుపు గట్టిగా తీస్తే బండి ఒరిగేది. మ్యూనిక్ నగరంలో బండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన, ఇరుసును కదపకుండా దాని రెండు చివర్లా చెరొక సీల పెట్టి చక్రాలను మాత్రమే తిప్పే ఉపాయం కనిపెట్టాడు. ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది అకెర్‌మాన్ అనే పుస్తకాల వ్యాపారి. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇప్పటికీ దాన్ని అకెర్‌మాన్ పద్ధతి అనే అంటారు.

తిరగడం కుదిరింది సరే, తిన్నగా పోవడం ఎలా? 1896లో ఫ్రాన్సు ఇంజనీరు ఆర్థర్ క్రెబ్స్ మోటారు బండికి ఒక జవాబు చెప్పాడు. ఆ సీలను నిటారుగా కాక, పైకొన వెనక్కి వాలేలా పెట్టాలన్నాడు. సైకిలు ముందు ఫోర్కు వాలు చూశారు గదా, అలాగన్నమాట. అప్పుడు సీల గీత నేలను తాకే చోటు ముందుంటుంది, టైరు దాని వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. ఈడ్చుకొచ్చేది ఏదైనా తనంతట తనే వరసలోకి వస్తుంది. ఈ వాలునే కాస్టర్ అంటారు, ఆ సీలను మన మెకానిక్కులు కింగ్ పిన్ అంటారు.

మన ప్రాంతానికి ఈ విద్య బస్సులతో, జీపులతో వచ్చింది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు బీదర్ హైదరాబాద్ రాజ్యంలోని జిల్లా. తర్వాత వచ్చిన విల్లీస్ జీపుకు కాస్టర్ 3 డిగ్రీలు, టైరు సైజు 6.00-16. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు జిల్లాలోని జహీరాబాద్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు, బీదర్ మైసూరుకు పోయాయి. కాని బండ్లకు సరిహద్దు ఏముంది? 1980లలో జహీరాబాద్‌లోనే ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యాయి. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది.

ఇక మన పాత పికప్ దగ్గరికి వద్దాం. నల్లరేగడి దారిలో దిగబడకుండా పెద్ద టైర్లు వేస్తారు. అవి తగలకుండా కమాన్లు ఎత్తు చేస్తారు. లోడు కోసం వెనక ఒక పట్టీ ఎక్కువ వేస్తారు. వెనక ఎత్తయితే ముందు కింగ్ పిన్ వాలు తగ్గుతుంది. డ్రాగ్ లింకు ఏటవాలై, గుంత వచ్చినప్పుడల్లా చక్రాన్ని అదే తిప్పుతుంది. టైరు వెడల్పయి బయటికి జరిగితే రోడ్డు దెబ్బ సీల మీద ఎక్కువ బలంతో పడుతుంది. అంటే క్రెబ్స్ కూర్చిన దాన్ని మనమే విప్పుకున్నామన్నమాట.

మరమ్మతుకు ఒక వరస ఉంది. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి రెండు వైపులా సమంగా చూడండి. తర్వాత ముందు భాగం జాకీతో ఎత్తి, కింద గట్టి దిమ్మ పెట్టి, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఆడించండి. లూజు తెలిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. లూజు పోతే బేరింగుది, పోకపోతే కింగ్ పిన్‌ది. ఆ తర్వాత బండిని నేల మీదికి దించి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే మీరు కింద చూడండి. ఏ జాయింటు దగ్గర కదలిక ఆలస్యంగా అందుతుందో అది మార్చాలి. కమాన్ల యు-బోల్టులు, స్టీరింగు బాక్సును ఛాసిస్‌కు బిగించిన బోల్టులు, అక్కడి పగుళ్లు మరవకండి. వీటన్నిటి తర్వాతే అలైన్‌మెంటు. కాస్టర్ తగ్గి ఉంటే కమానుకూ ఇరుసుకూ మధ్య వాలు చెక్కలాంటి ఇనుప ముక్క వేసి సరిచేస్తారు. దాన్ని తిరగేసి వేస్తే జబ్బు రెట్టింపు అవుతుంది, కాబట్టి కొలిచి వేయించండి. చక్రాల ముందు కొసలు లోపలికి ఎంత ఉండాలో కంపెనీ పుస్తకం ప్రకారం పెట్టించండి.

చాలామంది ముందే చేసే పని ఒకటుంది, స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించడం. లూజు పోయినట్టే అనిపిస్తుంది. కాని నడిమిన బిగుసుకున్న స్టీరింగు తిప్పిన చోటే ఆగిపోతుంది, తిరిగి రాదు. డ్రైవరు దిద్దుతూనే ఉండాలి, ఊగులాట ఇంకా పెరుగుతుంది. మలుపులో అది మరీ ప్రమాదం. అందుకే ఆ స్క్రూ చివరన, చక్రాలు తిన్నగా పెట్టి, కొంచెమే.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు కంపెనీ సైజు టైర్లు వేసి చూడమంటాను. పెద్ద టైరుకు బ్రేకు కూడా చాలదు, స్పీడు మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పని అయ్యాక ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి, రద్దీ లేని దారిలో మెల్లగా నడిపి చూడండి. మలుపు తీసి చేతులు కొంచెం వదులు చేస్తే స్టీరింగు దానంతటదే నడిమికి రావాలి. రాకపోతే ఆ బండిలో మనుషులను ఎక్కించకండి.