గ్రంథాలయమును విక్రేతయు: జాబుల చరిత్ర

గ్రంథాలయోద్యమ చరిత్ర వ్రాయువారు స్థాపకుల నామములను, సంవత్సరములను పేర్కొని ముగింతురు. సరకు పంపినవానికిని, దాని నందుకొన్న గ్రంథాలయమునకును నడుమ నడచిన జాబుల మాట యెత్తువారు అరుదు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. విజ్ఞానచంద్రికా మండలి 1906లో హైదరాబాదుననే పుట్టి, 1908లో చెన్నపురికి తరలెను. తెలుగు అచ్చుకూటములకు నాడు చెన్నపురి పెద్ద నెలవు. ఓరుగల్లు సీమనుండి అచటికి సొమ్ము పంపువారికి నాణెముల లెక్కయు తెలియవలసియుండెను. నిజాము రాజ్యమున హాలీ సిక్కా, అచట కల్దారు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సాటి. ఊరక “ఏడు రూపాయలు” అని వ్రాసినచో, ఏ రూపాయలో తెలియక విక్రేత మరల జాబు వ్రాయవలసినదే. పుస్తకము రాక అంతకంతకు వెనుకబడును.

నేడు హాలీ సిక్కా లేదు. విక్రేతయు పుస్తకములమ్మువాడు మాత్రమే కాడు. గ్రంథపట్టికను నడుపు కంప్యూటరు సాఫ్ట్‌వేరును అమర్చువాడును విక్రేతయే. నాటి రూపాయ చిక్కు నేడు అక్షరమునకు పట్టినది. తెలుగు అక్షరములకు సర్వసమ్మతమైన సంఖ్యలను 1991లో యూనికోడు ఏర్పఱచినను, అటుపిమ్మటను చాలకాలము ఒక్కొక్క సంస్థ ఫాంటు ఒక్కొక్క దారిని నడచెను. అట్టి ఫాంటుతో ఎక్కించిన పట్టికను ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరముల గజిబిజిగా కనబడును. ఏండ్ల తరబడి కూర్చిన పట్టిక అట్లు ఒక్క పూటలో చదువరానిదగును. యూనికోడులోనైనను “లక్ష్మణరావు” అను పేరు కంటికి ఐదక్షరములే. యంత్రమునకు పదునొకండు సంకేతములు. వానిలో ఒకటి తప్పినను, పుస్తకము బీరువాలోనే యున్నను, వెదకినవానికి దొరకదు.

ఇట్టి వేళ “తెలుగు పనిచేయుట లేదు” అని ఫోను చేసినచో దూరముననున్న సాంకేతికుడేమి గ్రహించును? సర్వే నంబరు చెప్పక పొలము తగవు చెప్పుకొన్నట్లే. పుస్తకముయొక్క ప్రవేశ సంఖ్య, టైపు చేసిన మాట, తెరపై కనబడినది, అది ఒక్క యంత్రముననేనా అన్నింటనా యనునది, మొదట కనబడిన తేది, ఇవి కావలెను. తప్పంతయు గ్రంథపాలకునిదే యనుట అన్యాయము. తన పరిభాషలో రెండు ముక్కలు చెప్పి, సరియైనదో లేదో అడుగకయే ఫిర్యాదును మూసివేయు విక్రేతలును కలరు.

న్యూజిలాండు దేశమున హోరోవెనువా గ్రంథాలయమువారి పాత సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరమును దాటదని తేలగా, వారు 1999లో కొత్తదానిని చేయించి అందఱకు ఉచితముగా విడిచిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక యని యర్థము. దానియందు ప్రతి లోపమునకు ఒక సంఖ్య యిచ్చి బహిరంగముగా నమోదు చేయుదురు. ఒక యూరివారు తెలిపిన చిక్కును, దానికి దొరికిన పరిష్కారమును వేఱొక యూరివారు చదువుకొనవచ్చును. మన పల్లె గ్రంథాలయమునకు అంత యేర్పాటక్కఱలేదు. యంత్రము ప్రక్క ఒక గీతల పుస్తకముంచి ఫిర్యాదు తేది, వివరము, విక్రేత చెప్పిన జవాబు, మరల పరీక్షించిన తేది వ్రాసికొన్న చాలును. జవాబు గడి నిండినను, పరీక్షించిన తేది పడువఱకు ఆ పద్దు కొట్టివేయరాదు.